ప్రశ్నలోనే జవాబు అందిస్తే?

కోర్టు మాట రాగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది తీర్పు. "శిక్ష పడిందట", "కేసు కొట్టేశారట" అని రెండు ముక్కల్లో కథ ముగించేస్తాం. కాని తీర్పు నిలబడేది సాక్షుల మాటల మీద. సాక్షి ఏం చెబుతాడన్నది చాలావరకు అతన్ని ఎలా అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రశ్న సరిగా ఉంటే సాక్షి తాను చూసింది చెబుతాడు. ప్రశ్న వంకరగా ఉంటే, అడిగినవాడు కోరుకున్న మాటే సాక్షి నోటివెంట వస్తుంది.

ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటరు అడగకూడని ప్రశ్న అడిగితే ఏమవుతుంది? శిక్ష పడ్డాక "అయ్యా, ఆ ప్రశ్నే తప్పు" అని అప్పీలుకు వెళితే పై కోర్టు వింటుందా? ఈ రెండు సంగతులూ మన పాఠకులకు తేలిక మాటల్లో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను వకీలును కాను. లాల్‌పేట్‌లో గని ఆఫీసు గుమాస్తాగా ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. మరాఠీ చదవడం, రాయడం వచ్చు గనక చుట్టుపక్కల వాళ్లు సమన్లు, చార్జిషీట్లు, తీర్పు నకళ్లు తెచ్చి నాచేత చదివించుకునేవారు. అలా చదువుతూ, అర్థంకాని చోట వకీళ్లను అడుగుతూ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మన వీధులకు ఈ విషయం ఎందుకు?

చంద్రపూర్‌ని మన పెద్దవాళ్లు ఇప్పటికీ చాందా అనే అంటారు. బొగ్గు పనికని కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. 1973లో గనులు జాతీయమయ్యాయి, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. ఉద్యోగాలు స్థిరపడ్డాయి, మనమూ స్థిరపడ్డాం. పిల్లలు మరాఠీ బడుల్లో చదివి ఆ భాషలోనే కవితలు రాసేంతవారయ్యారు. కాని గనిలోకి దిగిన మొదటి తరానికీ, ఇల్లు దాటని ఆడవాళ్లకీ వచ్చింది బజారు మరాఠీ. కూరగాయల బేరానికి అది చాలు. సాక్షి బోనులో నిలబడితే చాలదు.

పంపు దగ్గర తగాదా, పండగపూట తాగి కొట్టుకోవడం, అప్పు గొడవ. ఇలాంటి వాటికి సాక్షులు ఎవరు? ఇరుగు పొరుగు వాళ్లే. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఈ బోను మెట్లు మనలో ఎవరైనా ఎక్కవలసి రావచ్చు. ముద్దాయిగా కాకపోతే సాక్షిగా.

అడగవలసిన తీరు

ఒక పక్షం తన సాక్షిని తానే ముందుగా అడగడాన్ని చీఫ్ ఎగ్జామినేషన్ అంటారు. ఆ తర్వాత ఎదుటి పక్షం వకీలు అడిగేది క్రాస్ ఎగ్జామినేషన్. క్రాస్‌లో జవాబు సూచించే ప్రశ్నలు వేయవచ్చు. సాక్షిని పరీక్షించడానికే అది ఉంది. చీఫ్‌లో అలా వేయకూడదు. జవాబు తనలోనే పెట్టుకున్న ప్రశ్నను లీడింగ్ ప్రశ్న అంటారు.

ఒక ఉదాహరణ చూడండి. "ఆ రాత్రి నువ్వు ఎక్కడున్నావు? ఏం చూశావు?" అని అడిగితే అది సరైన ప్రశ్న. "ఆ రాత్రి పది గంటలకు నువ్వు పాన్ ఠేలా దగ్గర ఉండగా, ఈ ముద్దాయి చేత్తో గడ్డపార పట్టుకుని పరుగెత్తడం చూశావు కదా?" అని అడిగితే సాక్షికి మిగిలింది తల ఊపడమే. వేళ, చోటు, మనిషి, ఆయుధం, నాలుగూ ప్రశ్నే చెప్పేసింది. సాక్ష్యం ఇచ్చింది నిజానికి వకీలుగారు.

అన్ని లీడింగ్ ప్రశ్నలూ పాపమేమీ కాదు. పేరు, ఊరు, ఉద్యోగం వంటి పరిచయ విషయాలకూ, ఇద్దరికీ వివాదం లేని సంగతులకూ, అప్పటికే బాగా రుజువైన వాటికీ కోర్టు అనుమతిస్తుంది. సాక్షి అడ్డం తిరిగితే, కోర్టు అనుమతితో సొంత సాక్షినే క్రాస్ చేసినట్లు అడగవచ్చు. కేసుకు ప్రాణమైన చోట మాత్రం జవాబు సాక్షి నోటిదే కావాలి.

1872 నాటి సాక్ష్య చట్టంలో 142వ సెక్షన్ ఈ సంగతి చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. అందులో ఇది 146వ సెక్షన్. నంబరు మారింది గాని నియమం అదే. ఆ సెక్షన్‌లో ఒక చిన్న షరతు ఉంది, దాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. "ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే" లీడింగ్ ప్రశ్న అడగరాదు అని దాని భావం. అంటే ఎదుటి వకీలు కూర్చున్నచోటే కూర్చుంటే ఆ ప్రశ్న సాగిపోతుంది.

ఒక పెద్దమ్మ సాక్ష్యం

పాతికేళ్ల కిందటి మాట. ఊరూ, కోర్టూ, మనుషుల పేర్లూ వద్దు. మనవాళ్లు ఉండే ఒక వాడలో నీళ్ల దగ్గర తగాదా ముదిరి ఒక మనిషి దెబ్బ తిని మూడో రోజున ఆస్పత్రిలో చనిపోయాడు. ఎదురింటి కుర్రవాడు ముద్దాయి. సాక్షుల్లో ఒకావిడ అరవై దాటిన మనిషి, అందరికీ పెద్దమ్మ. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను.

ప్రాసిక్యూటరుగారు మరాఠీలో పొడుగాటి ప్రశ్న ఒకటి వేశారు. కుర్రవాడు పార ఎత్తడం, తలమీద కొట్టడం, అవతలి మనిషి పడిపోవడం, అన్నీ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. పెద్దమ్మకు సగమే అర్థమయింది. "ఆఁ?" అంది. మన భాషలో ఆ శబ్దాన్ని ఎత్తి పలికితే "ఏమన్నారు?" అని. దించి పలికితే "అవును" అని. తెలుగు రాని చెవికి రెండూ ఒకటే. "హో" అని రాసుకున్నారు. ముద్దాయి వకీలు కాగితాలు తిరగేస్తున్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

నకలు తర్వాత నేనే చదివిపెట్టాను. అందులో ప్రశ్న లేదు. "ముద్దాయి పారతో కొట్టడం నేను చూశాను" అని ఆవిడ తనంతట తాను చెప్పినట్లే ఉంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. సాక్ష్యాన్ని మామూలుగా కథనం రూపంలోనే రాసుకోవాలని చట్టమే చెబుతుంది. కావాలంటే ఏదైనా భాగాన్ని ప్రశ్న-జవాబు రూపంలో రాయించే అధికారం జడ్జికి ఉంది. అడిగితేనే కదా!

కుర్రవాడికి ఏడేళ్లు పడింది. అప్పీల్లో కొత్త వకీలు ఈ సంగతి ఎత్తాడు. కింది కోర్టులో అభ్యంతరం చెప్పలేదు గదా, పైగా మరో ఇద్దరు సాక్షులు ఉన్నారు గదా అని అప్పీలు కొట్టేశారు. ఆ ఇద్దరి మాటా నిజమే కావచ్చు. తీర్పు తప్పని నేను అనడం లేదు. కాని పెద్దమ్మ నాతో అన్న మాట మరిచిపోలేను. "నేనేం జూశిన్నో నన్నెవ్వలడిగిండ్రు బిడ్డా? ఆయన జెప్పిండు, నేనిన్న" అంది. ఆవిడ వచ్చేసరికి మనిషి కింద పడి ఉన్నాడట. చుట్టూ నలుగురు నిలబడ్డారట. అంతే ఆవిడ చూసింది.

పొరపాటు జరిగితే తీర్పు పోతుందా?

ఇలా విన్నప్పుడు "తప్పు ప్రశ్న అడిగారు గనక శిక్ష రద్దు చేయాల్సిందే" అనిపిస్తుంది. ఒక్క క్షణం ఆగి అవతలి వైపు నుంచి ఆలోచిద్దాం. పదిమంది సాక్షులున్న కేసులో ఒకరిని ఒక వంకర ప్రశ్న అడిగారు. మిగతా తొమ్మిదిమంది మాటల్లో దోషం లేదు. ఆ ఒక్కదానికోసం కేసంతా కొట్టేస్తే, చనిపోయినవాడి తల్లికి ఏం సమాధానం చెప్పాలి? పూర్వం ఇంగ్లండులో కొంతకాలం ఈ ధోరణి ఉండేది. చేర్చకూడని సాక్ష్యం కాస్త చేరినా మళ్లీ విచారణ జరపాల్సిందే అనేవారు.

మన చట్టం మొదటి నుంచి వేరే దారి పట్టింది. 1872 సాక్ష్య చట్టపు చివరి సెక్షన్, 167, ఇలా చెబుతుంది. చేర్చకూడని సాక్ష్యం చేరిందన్న ఒక్క కారణంతో తీర్పు పోదు. దాన్ని తీసేసి చూసినా తీర్పు నిలబడేందుకు తగినంత సాక్ష్యం మిగిలి ఉంటే తీర్పు ఉంటుంది. కొత్త చట్టంలో ఇది 169వ సెక్షన్. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 465, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 511, ఈ సెక్షన్ కూడా ఇదే తీరు. విచారణలో జరిగిన పొరపాటు వల్ల నిజంగా న్యాయానికి భంగం కలిగితేనే తీర్పు మార్చాలంటుంది. దాంతోపాటు ఇంకో మాట కూడా చేర్చింది. అభ్యంతరం ముందే చెప్పగలిగి ఉండి చెప్పలేదా అన్నది కూడా చూడాలని.

బియ్యంలో రాయి పడితే ఏరి పారేసి వండుకుంటాం. కిరసనాయిలు పడితే బియ్యమే పారబోస్తాం. జరిగిన పొరపాటు రాయా, కిరసనాయిలా అని తేల్చడమే అప్పీలు కోర్టు పని.

గుంటూరు వారి కేసు

ఈ తేడాను చెప్పేటప్పుడు దేశంలోని వకీళ్లందరూ తలిచే కేసుల్లో ఒకటి మన తెలుగువారిదే. పులుకూరి కోటయ్య కేసు. గుంటూరు జిల్లాలో ఒక ఊళ్లో రెండు పార్టీల కక్షలు, కొట్లాట, హత్యలు. గుంటూరు సెషన్సు కోర్టు తొమ్మిదిమందికి శిక్ష వేసింది. మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1946 డిసెంబరులో తీర్పు వచ్చింది.

అందులో రెండు పొరపాట్లు తేలాయి. సాక్షులు పోలీసులతో మొదట చెప్పిన మాటల నకళ్లు ముద్దాయిల వకీలుకు సమయానికి అందలేదు. క్రాస్ చేయడానికి అవే ముఖ్యం. ఇది తప్పే, కాని ఈ కేసులో ముద్దాయిలకు దానివల్ల నష్టం జరగలేదని కోర్టు భావించి, దీన్ని సరిపుచ్చుకోదగ్గ పొరపాటుగా ఎంచింది.

రెండోది మరింత బరువైనది. ముద్దాయిలు పోలీసుల ముందు చెప్పినట్లు రాసిన మాటల్లో "ఫలానావాళ్లను చంపాం, బల్లెం ఫలానావారి వాములో దాచాను, వస్తే చూపిస్తాను" అన్న ధోరణి ఉంది. బల్లెం దాచిన చోటు చెప్పిన ముక్క వరకే సాక్ష్యంగా పనికొస్తుందని, చంపామన్న ముక్క పనికిరాదని కోర్టు తేల్చింది. మరి తీర్పు సంగతి? వెంటనే రద్దు చేయలేదు, అలాగే ఉంచనూ లేదు. "ఆ ముక్క తీసేస్తే మిగిలిన సాక్ష్యం శిక్షకు సరిపోతుందేమో చూడండి" అని మద్రాసు హైకోర్టుకే తిప్పి పంపింది. రాయి ఏరి చూడమన్నట్లు.

అదే తీర్పులో ఇంకో గీత కూడా గీశారు. చట్టం చెప్పిన పద్ధతిలోనే విచారణ సాగుతూ మధ్యలో పొరపాటు దొర్లితే సరిపుచ్చవచ్చు. విచారణే చట్టం చెప్పని పద్ధతిలో జరిగితే సరిపుచ్చడం కుదరదు. దీనికి మూలం 1901లో మద్రాసు నుంచే ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లిన సుబ్రహ్మణ్య అయ్యర్ కేసు. ఒకే విచారణలో మూడు నేరాలకు మించి కలపరాదని చట్టం చెబుతుంటే, ఆయన మీద రెండేళ్ల వ్యవధిలోని నలభై ఒక్క ఆరోపణలు కలిపారు. అది పొరపాటు కాదు, చట్టవిరుద్ధమేనని శిక్ష రద్దు చేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1955లో విల్లీ స్లేనీ కేసులో సుప్రీంకోర్టు ఈ చిక్కును మళ్లీ విప్పింది. అది నాగపూర్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసు. అప్పట్లో మన చాందా జిల్లా కూడా ఆ హైకోర్టు కిందే ఉండేది. తీర్పులో ప్రధాన భాగం రాసిన జస్టిస్ వివియన్ బోస్ అంతకుముందు నాగపూర్‌లో ప్రధాన న్యాయమూర్తి. మాటల మడతలు కాదు, మనిషికి న్యాయమైన విచారణ దొరికిందా, అతని మీద ఆరోపణ ఏమిటో తెలిసి తన వాదన చెప్పుకునే అవకాశం కలిగిందా అన్నదే చూడమన్నారు.

1993: ఇది సరిపుచ్చదగ్గది కాదు

ఇక ప్రాసిక్యూటరు ప్రశ్నల విషయానికే వద్దాం. 1993లో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన వర్కీ జోసెఫ్ కేసు విన్నది. ఆ తీర్పు రాసింది మన పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన జస్టిస్ కె. రామస్వామి. ఆ హత్య కేసులో కీలకమైన సంగతుల మీద ప్రాసిక్యూటరు తన సాక్షులకు లీడింగ్ ప్రశ్నలే వేసుకుంటూ వెళ్లారు. ట్రయల్ కోర్టు వేయనిచ్చింది.

సుప్రీంకోర్టు చెప్పినదాని సారం ఇది. అవునూ కాదూ అంటే చాలు, ప్రాసిక్యూషన్‌కు కావలసిన సాక్ష్యం వచ్చేసేలా ప్రశ్నలు అల్లకూడదు. సాక్షి తనకు తెలిసినది తన మాటల్లో చెప్పాలి. ఇది కేవలం సాక్ష్య చట్టం సంగతి కాదు. న్యాయమైన విచారణ రాజ్యాంగపు 21వ అధికరణం ఇచ్చిన హక్కు. కేసు ఆయువుపట్టు మీద ఇలా ప్రశ్నలు వేయడం ఆ హక్కుకే దెబ్బ గనక అది సరిపుచ్చదగ్గ లోపం కాదు. శిక్ష రద్దయింది.

దీన్నిబట్టి ఒక్క లీడింగ్ ప్రశ్న పడగానే ముద్దాయి బయటపడతాడని అనుకోకూడదు. పక్క విషయం మీద పడిన ప్రశ్న వేరు, కేసు ప్రాణం మీద పడిన ప్రశ్న వేరు. ఆ తేడా చెప్పడంలోనే ఈ తీర్పు విలువ ఉంది.

ప్రాసిక్యూటరు అంటే ఎలాగైనా శిక్ష వేయించవలసిన మనిషి అన్న భావన మనలో ఉంది. 1999లో శివకుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని కాదంది. నిజాలు ఎలా ఉన్నా సరే శిక్ష పడాలన్న దాహం ప్రాసిక్యూటరుకు తగదని, ముద్దాయికి మేలు చేసే సంగతి ఏదైనా ఉంటే దాన్ని దాచకుండా కోర్టు ముందుంచడం కూడా ఆయన బాధ్యతేనని చెప్పింది.

అమెరికాలో మన పిల్లలు ఉన్న ఇళ్లు ఎక్కువయ్యాయి గనక అక్కడి మాట కూడా ఒకటి చెబుతాను. 1935లో బెర్గర్ అనే ముద్దాయి కేసు. దొంగనోట్ల వ్యవహారం. ప్రాసిక్యూటరు సాక్షులు అనని మాటలు అన్నట్లు చూపించి అడిగాడు, బెదిరించాడు, దబాయించాడు. ప్రాసిక్యూటరు గట్టిగా పోరాడవచ్చు గాని దొంగదెబ్బ తీయకూడదన్న భావంతో అక్కడి సుప్రీంకోర్టు శిక్ష రద్దుచేసి మళ్లీ విచారణ జరపమంది. బెర్గర్ మీద సాక్ష్యం బలహీనంగా ఉంది. అందుకే ఆ ప్రశ్నల విషం ఎక్కిందని భావించారు. 1967లో చాప్‌మన్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేశారు. రాజ్యాంగ హక్కుకు భంగం కలిగితే, ఆ పొరపాటు వల్ల హాని జరగలేదని సందేహానికి తావు లేకుండా చూపించవలసిన భారం ప్రభుత్వానిదే అన్నారు. మన దగ్గర మాత్రం "నాకు నష్టం జరిగింది" అని చూపే బరువు ఎక్కువగా ముద్దాయి నెత్తినే పడుతోంది.

జడ్జిగారి పాత్ర

"అడ్డు చెప్పే వకీలు లేకపోతే జడ్జి ఊరుకోవాలా?" అని అడగవచ్చు. ఊరుకోనక్కరలేదు. ఏ ప్రశ్న అయినా వేసే అధికారం చట్టం జడ్జికి ఇచ్చింది. ఈ విషయంలో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, ఆయనా తెలుగువారే, రెండుసార్లు చెప్పారు. 1972లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో నెల్లూరు సెషన్సు కేసు ఒకదానిలో, మళ్లీ 1981లో సుప్రీంకోర్టులో రామ్ చందర్ కేసులో. జడ్జి బొమ్మలా కూర్చుని రాసుకునే యంత్రం కాకూడదు, నిజం కోసం తానూ ప్రశ్నించాలి. అయితే ప్రాసిక్యూటరు పాత్ర తన మీద వేసుకోకూడదు, సాక్షిని బెదిరించకూడదు. రామ్ చందర్ కేసులో సెషన్సు జడ్జి సాక్షులను అబద్ధపు సాక్ష్యం కేసు పెడతానని హడలగొట్టాడు. ఆ శిక్షను సుప్రీంకోర్టు నిలబెట్టలేదు.

సాక్షిని అవమానించే ప్రశ్నల మాట చెప్పాలంటే మన చంద్రపూర్ పేరు చరిత్రలో ఉంది. 1972 మార్చిలో దేశాయిగంజ్ పోలీసు స్టేషన్లో ఒక ఆదివాసీ అమ్మాయిపై అత్యాచారం జరిగిందన్న కేసు. ఆ ఊరు అప్పట్లో మన జిల్లాలోనిది, ఇప్పుడు గడ్చిరోలీలో ఉంది. ఆ అమ్మాయి పేరు లా పుస్తకాలన్నింటిలోనూ ఉంది. నేనిక్కడ రాయను. 1974లో చంద్రపూర్ సెషన్సు కోర్టు పోలీసులను వదిలేసింది. 1976లో నాగపూర్ బెంచి శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. మూడు చోట్లా అదే కాగితాలు. ఆ అమ్మాయి గత జీవితం, ఆమె కేక వేసిందా లేదా అన్నవే తూకంలో బరువయ్యాయి. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాశారు. దేశమంతా కదిలింది. 1983లో చట్టం మారింది. ఇలాంటి కేసుల్లో బాధితురాలి శీలం గురించి ప్రశ్నలు వేయకూడదన్న నిషేధం 2002 నాటి సవరణ చట్టంతో వచ్చింది. అంటే తప్పు ప్రశ్నకు చట్టంలో తలుపు మూయడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

మనం చేయగలిగింది

ఇంతసేపూ చెప్పినదాని సారం ఒక్కటే. తప్పు ప్రశ్నను ఆపవలసిన చోటు అది అడిగిన గది, ఆపవలసిన వేళ అది అడిగిన నిమిషం. ఆ తర్వాత అప్పీల్లో పెద్ద జడ్జీలు చూసేది కాగితం. సాక్షి ముఖంలో కనబడ్డ తికమక, ఎత్తి పలికిన "ఆఁ" కాగితం మీదికి ఎక్కవు. అందుకని కొన్ని సంగతులు గుర్తుంచుకుందాం.

ఒకటి. సాక్షిగా వెళితే, ప్రశ్న అర్థం కాకపోతే తల ఊపకండి. "సమజలే నాహీ" అనండి. తెలుగులో చెబుతానని జడ్జిగారిని అడగండి. అడగడం తప్పు కాదు, అమర్యాద కాదు. ప్రశ్నలో మూడు సంగతులు కలిపి ఉంటే, విడివిడిగా అడగమని చెప్పండి. చూసింది చూసినంతే చెప్పండి. తెలియనిది తెలియదనండి.

రెండు. సాక్ష్యం రాశాక సాక్షికి చదివి వినిపించాలని చట్టం ఉంది. రాసిన భాష సాక్షికి రాకపోతే వచ్చిన భాషలో చెప్పాలని కూడా ఉంది. పాత కోడ్‌లో 278, ఇప్పుడు 313వ సెక్షన్. ఇంటికి పోయే తొందరలో సంతకమో, వేలిముద్రో వేసి రాకండి. రాసింది తప్పైతే అక్కడే చెప్పండి. జడ్జిగారు ఆ అభ్యంతరం నమోదు చేస్తారు.

మూడు. ముద్దాయికి అర్థంకాని భాషలో సాక్ష్యం నడుస్తుంటే, అతనికి తెలిసిన భాషలో కోర్టులోనే వివరించాలి. ఇది కూడా హక్కే. ముద్దాయి తరఫు ఇంటివాళ్లు తమ వకీలుకు ముందే ఒక మాట చెప్పి ఉంచాలి. లీడింగ్ ప్రశ్న పడితే లేచి అభ్యంతరం చెప్పమనండి. ఆ ప్రశ్నను, జవాబును ఉన్నదున్నట్లు ప్రశ్న-జవాబు రూపంలో రాయించమని కోర్టును కోరమనండి. అభ్యంతరం తోసేసినా నష్టం లేదు. రికార్డులో ఉంటే అప్పీల్లో అదే ఆధారం.

నాలుగు. వకీలుకు డబ్బు లేదని ఊరుకోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, కస్టడీలో ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. ఆ జాబితాలో పారిశ్రామిక కార్మికులు కూడా ఉన్నారన్న సంగతి మన గని కార్మికుల్లో చాలామందికి తెలియదు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవల ప్రాధికరణ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

చివరగా మన సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఉగాది, బతుకమ్మ, మహాకాళి జాతర, అన్నీ కలిసి చేసుకుంటున్నాం. సంతోషం. దాంతోపాటు మరాఠీ, తెలుగు రెండూ చక్కగా వచ్చిన యువతీయువకులు నలుగురు పేర్లు రాసి పెట్టుకుందాం. సమను వచ్చిన ఇంటికి వెళ్లి అందులో ఏముందో చదివి చెప్పాలి. సాక్షి ఏం చెప్పాలో వాళ్లు నేర్పకూడదు. బోనులో నిలబడ్డప్పుడు తనకు ఏ హక్కులున్నాయో మాత్రం చెప్పాలి. లాల్‌పేట్‌లో చదువుకున్న పిల్లలకు కొదవ లేదు. వచ్చే సంచిక నాటికి ఆ నలుగురి పేర్లూ ఈ పత్రికలోనే అచ్చవుతాయని ఆశిస్తున్నాను.